నా తల మీద ఒట్టు

నా చిన్నప్పుడు, నిజాం రాజ్యం పోయి మన రాజ్యం మనకు వచ్చిందని అందరూ చెప్పుకుంటున్న తొలి రోజుల్లో కూడా, హుజూరాబాద్ దగ్గరి మా ఊళ్లో రాజ్యమంతా దొరదే. జెండా మారింది, పోలీసులు మారారు. దొర ఉండే గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకోవడం మాత్రం మారలేదు. మా అవ్వ నన్ను కనగానే పోయింది. మా బాపు గడీలో వెట్టిచాకిరీ చేసేవాడు. జ్వరమని మొత్తుకున్నా వినకుండా దొర బండి ముందు పరుగెత్తించారట, ఆ జ్వరంతోనే పోయాడు. ఇక నాకు మిగిలింది మా నాయనమ్మ ఒక్కతే.

అలాంటప్పుడు మొదటిసారి ఓట్లు వచ్చాయి. దొర నిలబడ్డాడు. ఆ రోజుల్లో పోటీ చేసే ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా, దాని మీద వాళ్ల గుర్తు అంటించి ఉండేది. ఓట్లకు ముందురోజు మా వాడ వాళ్లందరినీ గడీకి పిలిపించారు. ఇత్తడి పళ్లెంలో మల్లన్న బండారి పోసి పెట్టారు. దేవుడి పేరున ఉన్న ఆ పసుపు ముట్టుకుని అబద్ధమాడే ధైర్యం మా వైపు ఎవరికీ ఉండదు. అది చాలదన్నట్టు, ఎవరి పిల్లల తల మీద వాళ్లను చెయ్యి పెట్టమన్నాడు గడీ గుమాస్తా.

"దొర డబ్బాలనే ఏస్తనని పోరి తల మీద ఒట్టు పెట్టు," అన్నాడు నాయనమ్మతో.

ఆమె పెట్టింది. బండారి నా నుదుట రాసింది. ఇప్పటి పిల్లలు ఒట్టు తీసి గట్టున పెట్టమంటారు కానీ మాకు అలా కాదు. ఒట్టు తప్పితే, ఎవరి మీద పెట్టారో వాళ్ల తల పగులుతుందని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అయినా నాకు భయం వేయలేదు. నాయనమ్మ ఒట్టు తప్పుతుందని నేనెందుకు అనుకుంటాను?

మర్నాడు ఆమె కొంగు పట్టుకుని ఓట్లు జరిగే బడికి వెళ్లాను. చిన్నపిల్లనని సార్లు ఆపలేదు. తడక చాటున డబ్బాలు ఉన్నాయి. దొర గుర్తు నాకు తెలుసు, ఊరి గోడల నిండా అదే కదా. నాయనమ్మ ఆ డబ్బా ముందు కాసేపు నిలబడి, పక్కకు జరిగి, చీటీ ఇంకో డబ్బాలో వేసింది.

నా చెయ్యి తల మీదికి పోయింది. బయట గుమాస్తా ఉన్నాడు.

"ఒట్టు యాదికున్నదా, ముసల్దానా?"

"యాదికున్నది బాంచెన్," అంది ఆమె వంగి.

నేను ఏడిస్తే వాడికి తెలిసిపోతుంది. బాపును చంపినట్టే ఆమెనూ చంపుతారు. రెండు చేతులతో తల గట్టిగా పట్టుకుని, అది ఎటువైపు నుంచి పగులుతుందో అనుకుంటూ ఇంటిదాకా నడిచాను.

ఇంట్లో ఆమె నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "నీకేం గాదు బిడ్డా. పైకి నీ తల మీద పెట్టిన గని, మనసుల నా తల మీదనే పెట్టుకున్న. మల్లన్నకు ఎరుకే. నా కొడుకును తిన్నోని డబ్బాల నేనెట్ల ఏస్త?"

నాకు ధైర్యం చెప్పాననే అనుకుంది పాపం. నా భయం రెండింతలైంది. ఆమె పోతే నాకెవరున్నారు? ఆ తర్వాత ఆమె ఎప్పుడు కణతలు నొక్కుకున్నా నాకు ముద్ద దిగేది కాదు. నీళ్లకు వెళ్లినా, కూలికి వెళ్లినా ఆమె వెంటే తిరిగేదాన్ని.

కొన్నాళ్లకు దొర ఓడిపోయాడని తెలిసింది. మా ఊళ్లో కూడా ఆయన డబ్బాలో పడ్డవి తక్కువేనట. వాడలో ఎవరిని అడిగినా దొరకే వేశామన్నారు. గడీ వాళ్లు ఎవరినని పట్టుకుంటారు? ఆ సాయంత్రం వాకిట్లో ఆడుకుంటున్న పిల్లల్ని నాయనమ్మ చాలాసేపు చూసింది. గడీలో నాతోపాటు తలవంచి నిలబడ్డ పిల్లలే వాళ్లంతా. అందరూ నవ్వుతూ ఉరుకుతున్నారు.

"నేనొక్కదాన్నే అనుకున్న బిడ్డా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నాకిప్పుడు ఎనభై దాటాయి. భయం నన్ను పూర్తిగా వదల్లేదు, ఎవరైనా గద్దిస్తే ఇప్పటికీ చెయ్యి తల మీదికే పోతుంది. కానీ నలుగురు తలవంచుకుని సరేనంటే, వాళ్లు ఒప్పుకున్నారని నేను ఎన్నడూ నమ్మలేదు. పక్కన కూర్చున్నవాళ్ల దగ్గరికి జరిగి, "నీ మనసుల ఏమున్నది?" అని మెల్లగా అడుగుతాను.