మూడో గ్లాసులో లవంగం వాసన

ఆరేళ్లుగా నేనొక అబద్ధంతో కాపురం చేస్తున్నాను. మొన్నమొన్నటి దాకా దాన్ని అబద్ధం అనడానికి కూడా నాకు నోరు రాలేదు. మొదట పొరపాటు అన్నాను. తర్వాత గ్రహచారం అన్నాను. కొన్నాళ్లు అసలేమీ అనకుండా ఊరుకున్నాను. ఊరుకుంటే బరువు తగ్గుతుందని ఎవరు చెప్పారో గానీ, తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను బీరు రుచి చూసి మంచిచెడ్డలు చెబుతాను. నెల్లూరు జిల్లాలో, వరి పండించే ఇంట్లో పుట్టిన ఆడమనిషికి ఇదేం పని అని మీరు అనుకోవచ్చు. నేను ఆహార పదార్థాలను పరీక్షించే ల్యాబులో ఇరవై ఏళ్లు పనిచేశాను. నూనె డబ్బా మూత తీయగానే కల్తీ ఉందో లేదో చెప్పేదాన్ని. నా ముక్కు గురించి విని బెంగళూరులో ఒకాయన బీరు పరీక్షలో శిక్షణకు పిలిచారు. వెళ్లాను. అబ్బింది. మా ఆయనకు తప్ప బంధువుల్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. వాళ్ల లెక్కలో నేను ఇప్పటికీ 'ల్యాబులో ఏదో చేస్తుంది'.

మా నెల్లూరికి గంట దూరంలో, సముద్రపు ఒడ్డున, సరుగుడు తోటల పక్కన ఒక రిసార్టు ఉంది. అక్కడే చిన్న ఎత్తున బీరు తయారుచేస్తారు. ఆరేళ్ల కిందట, వేసవి అంతా అతిథులకు పోయడానికి ఒక కొత్త బీరు ఎంచుకుందామని పోటీ పెట్టారు. బయటివాళ్లవి మూడు, రిసార్టుదే ఒకటి, మొత్తం నాలుగు. రుచి చూసేవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరూ మగవాళ్లు, ఈ పనిలో నాకంటే సీనియర్లు. అయినా పెద్ద కుర్చీ నాకిచ్చారు, అంటే చివరి మాట నాదే. మొదటిసారి. ఆ కుర్చీ కోసం నేనెంత కాచుకున్నానో నాకు మాత్రమే తెలుసు.

అప్పటికి నాలుగు రోజులుగా కింది దవడ పన్ను పోటు. పన్ను పీకించుకుంటే నాలుక మొద్దుబారుతుందని, పోటీ అయ్యేదాకా ఆగాను. పొద్దున ఏ మందూ వేసుకోలేదు. సంచిలో మాత్రం లవంగం నూనె సీసా ఉంది. ఎందుకు పెట్టుకున్నాను? వాడనని అనుకున్నదాన్ని ఎందుకు పెట్టుకున్నాను?

మార్చి నెలాఖరు. బయట ఉప్పుగాలి, ఉక్కపోత. లోపల ఏసీ గది. గ్లాసుల మీద అంకెలే తప్ప పేర్లుండవు. మొదటిది చూశాం. రెండోది చూశాం. మధ్యలో నీళ్లు తాగాం, గుప్పెడు బొరుగులు తిన్నాం. పది నిమిషాల విరామం ఇచ్చారు. అప్పుడు పోటు లేచింది. చెవి దాకా పాకింది. బాత్‌రూంలోకి వెళ్లి, దూదికి నూనె అద్ది పన్ను మీద పెట్టాను.

ఆ క్షణంలో 'వద్దు' అని నాకు అనిపించిందా? చాలాకాలం అనిపించలేదనే చెప్పుకున్నాను. అనిపించింది. మందు గానీ, వక్కపొడి గానీ, మసాలా గానీ నోట్లో పడితే ఆ రోజు ఆ మనిషి కుర్చీలో కూర్చోకూడదు. ఆ నియమాల కాగితం రాసిందే నేను. అయినా ఐదు నిమిషాలు ఆగి, దూది పారేసి, నాలుగుసార్లు పుక్కిలించి, పోయిందిలే అనుకుని వచ్చి కూర్చున్నాను.

మూడో గ్లాసు లేత ఎండుగడ్డి రంగులో ఉంది. గుక్కెడు తాగాను. లవంగం! దాని వెనకే మందు చేదు. అంత తేట బీరులో ఆ వాసన రాకూడదు. వచ్చిందంటే బీరును పులియబెట్టే ఈస్టు కాక, పనికిరాని వేరే ఈస్టు ఏదో ట్యాంకులోకి చొరబడిందని అర్థం. ట్యాంకు మొత్తం పోయినట్టే. నా పేరు ఎంత తెలుసో ఈ సంగతి నాకంత తెలుసు. ఒక మాట దాచకుండా చెప్పాలి, నాకు ఆ క్షణంలో సంతోషం కలిగింది. దొరికింది, నేను పట్టుకున్నాను అనే సంతోషం.

"ఇది పాడైంది" అన్నాను.

పక్కాయన మళ్లీ వాసన చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ గ్లాసు చూశాడు. అవును, లోపలెక్కడో ఉంది అన్నాడు. రెండో ఆయన వెంటనే తల ఊపాడు. నాలుగోది గోధుమ బీరు. ఆ రకంలో లవంగం వాసన సహజంగానే ఉంటుంది. అందువల్ల నాకు అనుమానం రాలేదు. పైగా ఆ పరిమళం బ్రహ్మాండంగా ఉందని దానికే మొదటి బహుమతి ఇచ్చాను.

మూడోది రిసార్టువాళ్లదేనని అప్పుడు తెలిసింది. దాన్ని చేసినతన్ని పిలిచారు. పెంచలయ్య. ముప్పై ఏళ్లుంటాయేమో. సంగం దగ్గర రైతు కుటుంబం. బెంగళూరులో పని నేర్చుకుని, సొంత ఊరి పక్కనే చేద్దామని తిరిగి వచ్చినవాడు. వాళ్ల పొలంలో పండిన మొలగొలుకులు బియ్యంతో, గూడూరు నిమ్మ తొక్కతో ఆ బీరు చేశాడు. యజమాని, మేనేజరు వెనక నిలబడి ఉన్నారు. నేను గ్లాసు అతని ముందుకు జరిపాను.

అతను కళ్లు మూసుకుని వాసన చూశాడు. తాగాడు. ఆగి, ఇంకోసారి తాగాడు.

"నాకు రాలా మేడం" అన్నాడు.

"లవంగం. స్పష్టంగా ఉంది."

"పొద్దన ట్యాంకులోనించి పట్టి చూసినా. నిన్నా చూసినా. ఇప్పుడూ చూస్తా ఉండా గదా. ఏం రాలా."

ఇద్దరు సీనియర్లు నా వైపు చూస్తున్నారు. నా కుర్చీ వైపు చూస్తున్నట్టు అనిపించింది.

"నీకు రాకపోవడమే అసలు సమస్య, పెంచలయ్యా" అన్నాను.

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించి, "మీకొచ్చిందంటే ఉండే ఉంటది మేడం. నా నోరే బాగలేదేమో" అన్నాడు.

రేపు పొద్దున్నే ట్యాంకు ఖాళీ చేయించమని యజమాని మేనేజరుకు చెప్పాడు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. మా ఆయన టీ ఇచ్చారు. ఒక గుక్క తాగి, "ఇందులో లవంగాలు వేశారా?" అన్నాను.

"లవంగాలా? ఇంట్లో యాడుండాయి? అయిపోయినాయని నువ్వే గదా చెప్పింది" అన్నారాయన.

టీ పక్కన పెట్టి మంచినీళ్లు తాగాను. నీళ్లలో లవంగం. పెరుగు నాకి చూశాను. పెరుగులో లవంగం.  వంటగది గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏమైంది, ఏమైంది అని మా ఆయన అడుగుతున్నారు. పన్ను అన్నాను.

మేనేజరు నంబరు నా ఫోన్లో ఉంది. ఫోను నా చేతిలో ఉంది. ఒక్క మాట చాలు. రేపటిదాకా ట్యాంకు తెరవకండి, నా నోట్లో పన్నుమందు ఉంది, రెండు రోజులాగి మళ్లీ చూస్తాను అంటే చాలు. ఎందుకు అనలేదు? పన్ను పోటని చెప్పుకున్నాను. నిజంగానే పాడై ఉండొచ్చు కదా, మిగతా ఇద్దరికీ వచ్చింది కదా అని చెప్పుకున్నాను. వాళ్లకు వాసన వచ్చింది గ్లాసులోంచి కాదు, నా మొహంలోంచి అని నాకు అప్పుడే తెలుసు. మొదటిసారి పెద్ద కుర్చీలో కూర్చోబెడితే పన్నుమందు వేసుకొచ్చింది చూడు అని ఆ ఇద్దరూ నవ్వుకుంటారని భయపడ్డాను. అంతే. ఇంతకు మించిన కారణం నేను ఎంత వెతికినా దొరకలేదు.

మర్నాడు ఎనిమిదింటికి మేనేజరు మెసేజ్ పెట్టాడు. పని అయిపోయింది మేడం, మీ వల్ల మా పరువు దక్కింది అని. వారం తిరక్కుండా పెంచలయ్యను పనిలోంచి తీసేశారు.

రుచి చూసినవాటిలో ఒక్కో సీసా మాకు ఇచ్చి పంపుతారు. పన్ను పీకించుకుని, పుండు మాని, నోరు మామూలైనాక మూడో నంబరు సీసా తీశాను. చూడకుండా పారేయొచ్చు. ఎందుకు తీశానో తెలియదు. బాగా లేదని తేలుతుందనే ఆశ ఏదో ఉండి ఉంటుంది. మూత తీశాను. అప్పుడే వార్చిన అన్నం మీద మూత తీసినట్టుంది. ఆ తర్వాత సన్నగా నిమ్మ. ఇంకేమీ లేదు. మళ్లీ మళ్లీ వాసన చూశాను. లవంగం కోసం వెతుక్కున్నాను, దేవుడా కాస్తయినా ఉండనీ అని. లేదు. నేను అప్పటిదాకా రుచి చూసిన వేసవి బీర్లలో అంత శుభ్రమైనది ఇంకొకటి లేదు. 

అప్పుడైనా చెప్పానా? లేదు. ట్యాంకు పోయింది, ఉద్యోగం పోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఎవరికి ఏం లాభమో లెక్కవేయడానికి నేనెవరిని?

దాని మీదే నాకు పేరు వచ్చింది. తయారుచేసినవాడికే తెలియని వాసన పట్టిందట ఆవిడ, అని చెప్పుకున్నారు. చెన్నై నుంచి, హైదరాబాదు నుంచి పిలుపులు వచ్చాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు మూడో గ్లాసు కథ చెప్పమని అడిగేవాళ్లు. చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ లవంగం వాసన ఇంకాస్త ఘాటుగా చెప్పాను.

కిందటి నెల విడవలూరులో ఒక పెళ్లికి వెళ్లాను. మంచినీళ్ల క్యాన్లు దించుతున్న ఆటో పక్కన ఒకతను నన్ను చూసి ఆగిపోయాడు. కాస్త లావయ్యాడు, మీసం పెంచాడు. పెంచలయ్య. నీళ్ల ప్లాంటు పెట్టుకున్నాడట. నాకు కుర్చీ వేయించాడు, సోడా తెప్పించాడు. నా మీద కోపం ఉంటుందనుకున్నాను. ఉంటే బాగుండని కూడా అనుకున్నాను.

"ఆ రోజు మీరు పట్టకుంటే ఎంతమంది ఆ చెడ్డ బీరు తాగుండేవాళ్లో మేడం. తలుచుకుంటే ఇప్పుడూ భయమేస్తది" అన్నాడు.

సోడా ఒక గుక్క తాగాను.

"ఇప్పుడు చేయడం లేదా?" అన్నాను.

"ఇంగేం చేసేది మేడం. నోటి మీద నమ్మకం పోయినాక ఆ పని అయ్యేదేనా. ఇంట్లో కూరలో ఉప్పు గూడా మా ఆడమనిషినే చూడమంటా. నాకు సరిపోయిందనిపిస్తే, ఏమో, అనిపిస్తది."

నవ్వాడు. వేళాకోళంగా కాదు, మామూలుగా. నేను అతని ఉద్యోగం పోగొట్టానని మాత్రమే ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను.  అతని నాలుకను అతనికి కాకుండా చేశాను. ఆరేళ్లుగా ఆ మనిషి తన ఇంట్లో తన కంచం ముందు కూర్చుని, తన నోటిని నమ్మలేక పక్కవాళ్లను అడుగుతున్నాడు. ఆ రోజు ఆ గదిలో నిజం తెలిసిన నోరు అతనిదొక్కటే.

చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం ఉంటుందా? నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. సన్నాయి మోత తప్ప అడ్డు లేదు. నేనేం అడిగానో తెలుసా? "ప్లాంటు బాగా నడుస్తోందా?" అన్నాను. నడస్తా ఉంది మేడం అన్నాడు. నేను సోడా తాగేసి లేచాను.

 ఈ వేసవికి రెండు చోట్ల నుంచి పిలిచారు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. అదీ అబద్ధమే.

విడవలూరు మళ్లీ వెళ్తానా? తెలియదు. వెళ్తానని ఇక్కడ రాస్తే మీరు నన్ను కాస్త క్షమిస్తారు. అందుకే రాయను. ఎన్నోసార్లు మొదలుపెట్టి చింపేసిన నాలుగు ముక్కలు మాత్రం ఈ పూట పూర్తిగా రాస్తాను. 

పెంచలయ్య చేసిన బీరులో ఏ లోపమూ లేదు. లవంగం నా నోట్లో ఉంది. ఆ సంగతి నాకు ఆ రోజు సాయంత్రం ఐదున్నరకే తెలుసు. అప్పటికి ట్యాంకు నిండుగానే ఉంది.