పడవవాడి మూట

ఆ వీధిలో ఆమెను అందరూ జిప్పులమ్మ అంటారు. తెగిన జిప్పయినా, ఊడిన బొత్తామయినా, పొడుగైన ప్యాంటయినా కిటికీ పక్కనున్న ఆమె కుట్టుమిషను దాకా రావాల్సిందే. మాట మాత్రం మహా పొదుపు. బట్ట తీసుకునేటప్పుడు "గురువారం" అంటుంది, ఇచ్చేటప్పుడు "చూసుకోండి" అంటుంది. ఆ రెండు మాటలతో ఏడాదంతా గడిపేయగలదని వీధిలో నవ్వుకునేవాళ్లు. ఆమె చేత మాట్లాడించగలిగినవాడు భర్త ఒక్కడే. లిఫ్టులు బాగుచేసేవాడు. అతను పోయి ఏడు నెలలయింది.

అంతకు ముందటేడు అతను పాత సామాన్ల కొట్టులో ఒక ఆట పెట్టె కొనుక్కొచ్చి టీవీకి తగిలించాడు.

"ఈ వయసులో ఆటలేంటి? నలుగురూ నవ్వుతారు" అందామె.

"తుపాకుల ఆట కాదే, కథ. నువ్వు ఎటు పొమ్మంటే అటు పోతుంది."

వరదలో కూతురు తప్పిపోయిన పడవవాడొకడు నదికి ఎదురు వెళుతూ రేవు రేవునా వెతుక్కునే కథ అది. తెర మీద వచ్చే మాటలు ఆమెకు రాని భాషలో ఉండేవి. ఐదో తరగతితో ఆగిన చదువు ఆమెది. అతను చదువుకుని, తెలుగులో చెప్పేవాడు. ఆమె ప్యాంట్ల అంచులు మడిచి కుడుతూ వినేది. బొటనవేళ్లు అతనివి, నిర్ణయం ఆమెది.

పడవలో ఒక మూట ఉండేది. అందులో ఆరు వస్తువులకే చోటు. ప్రతి రేవులో ఏదో ఒకటి దొరికేది. తాడు తీసేయించి దుప్పటి పెట్టించింది. నూనె డబ్బా తీసేయించి ఉన్ని టోపీ పెట్టించింది. దువ్వెన, చిన్న చెప్పులు, పాల సీసా, పలక, అన్నీ పాప కోసమే.

"నూనె లేకపోతే దీపం ఉండదే" అన్నాడు ఒకసారి.

"దీపం లేకపోతే మెల్లగా వెళ్లనీ. పాప దొరికేసరికి చలితో వణుకుతూ ఉంటుంది."

అతను పడవను ముందుకు నడిపాడు. వాళ్లకీ ఒక పాప ఉండేది. ఆరేళ్లప్పుడు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. తరవాత తొమ్మిదేళ్లు ఆ ఇంట్లో పాప అన్న మాటే వినపడలేదు. మళ్లీ వినపడింది ఈ ఆటలోనే.

తొమ్మిదో రేవు దాటిన వారానికి అతని గుండె ఆగిపోయింది. ఇంకొక్క రేవే మిగిలింది. ఆమె రోజూ ఆ పెట్టె మీద దుమ్ము తుడిచేది తప్ప మీట నొక్కేది కాదు. ఈ మధ్య అది గురగురమంటూ దానంతటదే ఆగిపోవడం మొదలెట్టింది. బాగుచేసే అతను చెవి ఆనించి విని, "లోపల డిస్కు పోతోందమ్మా. ఇంకోసారి పనిచేస్తుందేమో, రెండోసారికి నేను హామీ ఇవ్వలేను" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె తనంతట తాను ఆడపడుచుకు ఫోన్ చేసింది. పెళ్లయిన ఇరవయ్యేళ్లలో అదే మొదటిసారి.

ఆడపడుచు కళ్లద్దాల కొట్టులో పనిచేస్తుంది. నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం మధ్యాహ్నం వానలో తడుస్తూ వచ్చి, గొడుగు మూలన పెడుతూనే అందుకుంది.

"రోజంతా జనాల చేత అక్షరాలు చదివిస్తాను, సెలవు రోజున నువ్వు నా చేత చదివిస్తున్నావా? సరే కానీ వదినా, నేను లెక్కలు అడిగితే గురక పెట్టేవాడు అన్నయ్య, నీకు ఇన్ని కథలు చెప్పాడా?"

"ముందు ఆ రిమోటు పట్టుకో" అంది జిప్పులమ్మ. చేతిలో ఏ బట్టా లేదు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో ముడిచి పెట్టుకుంది.

పెట్టె గురగురమంది. తెర నల్లగా ఉండిపోయింది. చివరికి నది కనపడింది. దాని మీద నాలుగు వరసల అక్షరాలు.

"జరిగిన కథంతా చెబుతోంది" అని ఆడపడుచు చదవబోయి ఆగిపోయింది. రెండోసారి చదివింది.

"ఏం రాసింది?"

"ఏం లేదు. వానొస్తుందట."

నాలుగు వరసలకు రెండే మాటలు! కొలతల్లో అర అంగుళం తేడా వస్తే పట్టేసే మనిషి జిప్పులమ్మ. ఆడపడుచు ముఖంలోకి చూసింది. ఆమె తెర మీద నుంచి చూపు తిప్పలేదు. అడగబోయేలోపే పడవ కదిలింది.

కాసేపటికే తుఫాను మొదలైంది. దీపం లేదు. చీకట్లో బండరాయి తగిలి పడవ అడుగు చిట్లింది. తెర మూలన నీటి మట్టం చూపించే గీత ఒకటి పైకి పాకుతోంది.

"తాడేది వదినా? రాయికి తాడేసి లాగమంటోంది."

"తాడు లేదు. తీసేశాం."

"నూనె?"

"లేదు."

"అయితే ఏముంది ఈ మూటలో?" ఆడపడుచు తెరిచి చూసింది. టోపీ, దువ్వెన, చెప్పులు, దుప్పటి... "అయ్యో, బరువు తగ్గించమంటోంది. ఇవన్నీ పడేస్తున్నా."

"వద్దు!" జిప్పులమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "పాపవి అవి. ఒక్క రేవు దాటితే పాప దగ్గరికి వెళ్లిపోతాం."

"గీత సగానికొచ్చేసింది వదినా, చెయ్యి వదులు!"

"దుప్పటి కూడానా? చలేస్తుంది దానికి!"

"ఎవరికి చలేస్తుంది? ఆ పాప రెండో రేవులోనే పోయింది వదినా! పడవవాడే పూడ్చిపెట్టాడు, నమ్మలేక ఇంకా వెతుకుతున్నాడు! ఇందాకటి నాలుగు వరసలూ అవే!"

నోరు జారిన మాట గది మధ్యలో పడింది. బయట వాన చప్పుడు, తెరలో వాన చప్పుడు కలిసిపోయాయి. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గీత పాకుతూనే ఉంది.

జిప్పులమ్మకు ముందు కోపమొచ్చింది. ఎనిమిది రేవులపాటు, నాలుగు నెలలు, ప్రతి సాయంత్రం తన పక్కన కూర్చుని అబద్ధం చెప్పాడా మనిషి! పాప పెద్ద పడవెక్కిందనీ, ఎగువన ఎవరో చూశారనీ, ఎత్తు పెరిగిందనీ. అవన్నీ ఏ అక్షరాల్లో చదివాడు? తెర మీద చావు చదువుకుని, గొంతు సవరించుకుని, నోటితో బతుకు చెప్పాడు. ఒక్కడే చదువుకున్నాడు. పదేళ్ల కిందట ఆస్పత్రిలో కాగితం చదివింది కూడా అతనొక్కడే. అప్పుడూ బయటికొచ్చి, "నిద్రపోతోంది, నువ్వు కాస్త టీ తాగు" అన్నాడు.

తెర మీద పడవవాడు రెండు చేతులతో నీళ్లు తోడుతున్నాడు. ఇన్నాళ్లూ ఆమె వాడి ముఖం చూడనే లేదు. చూపంతా నది మలుపు మీద, అక్కడ కనపడబోయే పాప మీద. ఇప్పుడు చూసింది. నడివయసువాడు. వానకి కళ్లు చికిలించుకుని, ఎవరైనా ఏదైనా చెబుతారేమోనన్నట్టు తిరిగి తిరిగి ఇటే చూస్తున్నాడు.

"వదినా, మునిగిపోతాడు. చెప్పు!"

ఆమె మణికట్టు వదిలేసింది.

"చెప్పులు వెయ్" అంది.

చెప్పులు నీళ్లలో పడ్డాయి. గీత ఆగలేదు.

"సీసా. దువ్వెన. ఆ పలక కూడా."

గీత ఒక్క క్షణం తటపటాయించి మళ్లీ కదిలింది.

"దుప్పటి వదినా. తడిసి బరువెక్కింది."

జిప్పులమ్మ పెదవి పళ్లతో నొక్కిపట్టింది. పెట్టె గురగురమంటూ బొమ్మ ఒక్కసారి వణికింది. ఇద్దరూ కెవ్వుమన్నారు. బొమ్మ మళ్లీ నిలబడింది.

"వేసెయ్. తొందరగా! వాణ్ణి ఒడ్డుకి చేర్చు."

దుప్పటి విప్పుకుంటూ నీటి మీద కాసేపు తేలి, మునిగింది. గీత ఆగింది. వెనక్కి జారింది. మూటలో ఇక ఉన్ని టోపీ ఒక్కటే. దాని జోలికి ఆడపడుచు పోలేదు, ఈమె పొమ్మననూ లేదు.

పడవ ఇసుకను తాకింది. పడవవాడు మోకాళ్ల మీద పాకి ఒడ్డెక్కి, ఒక రాయి మీద కూలబడ్డాడు. ఆడపడుచు మీట నొక్కింది. వాడు కదల్లేదు. మళ్లీ నొక్కింది.

"ఏమంటున్నాడు?"

"ఏం అనట్లేదు వదినా. ఊరికే కూర్చున్నాడు." ఆమె ముక్కు చీదుకుంది. "నా నోరు మండ! నీకు చెప్పకుండా ఉండాల్సింది. అన్నయ్యయితే..."

"నువ్వు మీ అన్నయ్యవి కావులే. నొక్కకు. వాణ్ణి కాసేపు ఊపిరి తీసుకోనీ."

పెట్టె ఎప్పుడు ఆగుతుందో తెలియదు. జిప్పులమ్మ దాని వంక చూడలేదు. కుర్చీ ఆడపడుచు వైపు తిప్పుకుంది.

"రెండో రేవులో అసలేం రాసుందో నాకు తరవాత చెబుదువుగాని. నాకు ఆయనేం చెప్పాడో అది విను. అది ఈ పెట్టెలో లేదు, ఆయనా లేడు, నా దగ్గరే ఉంది" అంది. ఏడు నెలల్లో ఆమె ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

ఆడపడుచు రిమోటు పక్కన పెట్టి, కాళ్లు పైకి ముడుచుకుంది.

"తెల్లవారుతుండగా పడవ రెండో రేవుకి చేరిందట..." అని మొదలుపెట్టింది జిప్పులమ్మ.