జాగ్వార్ వేటకి కుర్చీలు వేశారు

ఆ తోటకి దారెటని ఇప్పటికే నలుగురు అడిగారు నన్ను. టైములూ ఖర్చులూ అన్నీ చెప్తాను, వినండి. విన్నాక కూడా వెళ్ళాలనిపిస్తే మీ ఖర్మ.

దోహాలో మేముండేది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో. మావారి కంపెనీలో అకౌంట్స్ చూసే రంగారావు గారు తెలుగువాళ్ళందరికీ అప్పుడప్పుడూ శుక్రవారం పిక్నిక్ పెడుతుంటారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇంటింటికీ ఓ కాగితం పంచారు. "చిరుతపులి వేట! ఉదయం తొమ్మిదింటికి కళ్ళారా చూడండి! మనిషికి పది రియాళ్ళు, టిఫిన్‌తో సహా." ఎవరో పెద్దమనిషి తోటలో పులుందట, గుంజకి మాంసం కడితే ఎగిరి అందుకుంటుందట. ఇక్కడికి రాకముందు నేను భీమవరంలో ఆరేళ్ళు జువాలజీ చెప్పాను. టిఫిన్ అయ్యాక తొమ్మిదింటికి వేట ఏమిటండీ, సినిమా ఆటలాగా? ఆ కాగితం చూడగానే ఒళ్ళు మండింది.

"వస్తే రా, అక్కడ నోరు మాత్రం విప్పకు" అన్నారు మావారు. సరేనన్నాను.

ఉదయం ఆరున్నరకి కంపెనీ బస్సు బయల్దేరింది. పిల్లలతో కలిపి ముప్ఫైమందిమి. ఏడింటికల్లా అల్ వక్రా ఒడ్డున ఆపారు. అక్కడ పడవల దగ్గర చేపలు తాజాగా దొరుకుతాయి. రంగారావు గారు మూరెడు పొడుగు హమూర్ చేపని బేరమాడి, ఐస్ డబ్బాలో పెట్టించుకున్నారు. "కోయొద్దు కోయొద్దు! తలకాయ పులుసు మా ఆవిడ చేస్తేనే రుచి" అని బస్సంతా వినపడేలా చెప్పారు. నా పక్క సీట్లో కరీంనగర్ అమ్మాయి లక్ష్మి. "మా అత్త ఫోన్ల అడిగింది అక్కా, దుబాయ్‌ల పులులు గూడ ఉంటయా అని" అంటూ నవ్వింది. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆ అత్తగారికి ఇది దుబాయే.

ఏడూ నలభైకి అల్ వుకైర్ దాటాం. అక్కడితో తారు రోడ్డు అయిపోయింది. ఇసుకలో కుదుపులకి చట్నీ డబ్బా ఒలికి నా చీర పాడైంది. ఎనిమిదీ ఇరవైకి తోట చేరాం. ఖర్జూరపు చెట్ల వరసలు, ఓ రేకుల షెడ్డు, దాని పక్కనే ఇనప బోను. బోను ముందు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు వరసలు, పెళ్ళికి వేసినట్టు.

బోనంతా బోడి సిమెంటు నేల. మధ్యలో గుంజ, గుంజ చివర వేలాడుతూ మేక తొడ, దాని నిండా ఈగలు. మూలన గోడకి అతుక్కుపోయి పడుకుంది ఆ జంతువు. డొక్కలు ఎండిపోయాయి.

దగ్గరికెళ్ళి చూశాను. అయ్యో రామా, అది చిరుతే కాదు! గుండ్రటి బరువైన తల, పొట్టి లావుపాటి కాళ్ళు. ఒంటిమీది వలయాల మధ్యలో మళ్ళీ నల్లచుక్కలు. చిరుత వలయాల్లో ఆ చుక్కలుండవు. జాగ్వార్ అది! దక్షిణ అమెరికాలో ఏర్లూ వాగుల పక్కన బతకాల్సిన ప్రాణి. ఏ వర్తకుడో చిరుత అని చెప్పి అంటగట్టి పోయాడు.

దాన్ని చూసుకునేది ఓబులేసు. కడప మనిషి, హౌస్ డ్రైవర్‌గా వచ్చాడు. వీసా ఇచ్చిన ఈ తోట యజమాని, అదే వాళ్ళ కఫీల్, దీన్ని కూడా ఇతనికే అప్పగించాడు. నేను మాట కలిపానో లేదో గొల్లుమన్నాడు. "అయిదు దినాలాయెనమ్మా, ముట్టనే ముట్టలే. ఇది సచ్చిపోతే మర్నాడే నన్ను ఇమానమెక్కిస్తాడంట. నేనొచ్చి ఇంగా రెండు నెల్లు గూడా కాలే."

"మాంసం అంత ఎత్తున ఎందుకు కట్టావు?"

"మా పక్క కొండల్లో చిరుత మేకను బట్టిందంటే గరుచుకోని చెట్టెక్కుతాది. మేకలు గాసినోన్ని, నేను జూడలేదా? దాని అలవాటు ప్రకారమే పైన కట్టినా. పిల్లిజాతికి తడి గిట్టదని తొట్టి గూడా తోడేసినా. తాగనీకి గిన్నె పెట్టినాను లే."

తెలిసినంతలో ప్రేమగానే చేశాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఇంతలో వెనక వరసలోంచి ఎవరో నీళ్ళ సీసా బోనుకేసి కొట్టారు. "లేవ్వే! యల్లా, యల్లా!" ఒకటే నవ్వులు. రంగారావు గారైతే కుర్చీ ఇంకా ముందుకి జరుపుకున్నారు.

అంతే, మావారికిచ్చిన మాట గంగలో కలిసింది.

"సిగ్గుందా మీకు?" అన్నాను. "ఇది గంతులేసే జంతువు కాదు. ఏటి గట్టున పొదలో చప్పుడు లేకుండా నక్కి, దగ్గరికొచ్చాక మీద పడుతుంది. అడవిపంది, జింక, తాబేలు, చేప, ఏది దొరికితే అది. మొసలిజాతి వాటిని కూడా నీళ్ళలోంచి ఈడ్చుకొస్తుంది. పెద్దపులైతే గొంతు పట్టుకుంటుంది, ఇది తల పట్టి పుర్రెలోకి కోరలు దించుతుంది. పట్టినదాన్ని చాటుకి లాక్కుపోయి ఒంటరిగా తింటుంది. దీనికి దాక్కోడానికి ఆకు లేదు, దిగడానికి నీళ్ళు లేవు, ఎదురుగా ముప్ఫైమంది ఇడ్లీలు నములుతూ కేకలు! మీరైతే తింటారా?"

"మేడమ్, ఇది పిక్నిక్కండీ, క్లాసు కాదు" అన్నారు రంగారావు గారు.

ఆయనతో మాటలు అనవసరమనిపించింది. నేను చెప్పినట్టే ఓబులేసు బయటినుంచే గొట్టం పెట్టి తొట్టి నింపాడు. గుంజ తాడు వదిలి, కుళ్ళిన మాంసం కొక్కెంతో లాగేశాడు. లక్ష్మీ నేనూ ఖర్జూరపు మట్టలు ఈడ్చుకొచ్చాం. కప్పుమీద కొన్ని పరిచి, చువ్వలకి కొన్ని కట్టి ఓ మూల చాటు చేశాం. చేతులు గీరుకుపోయాయి. సాయం రమ్మంటే మగవాళ్ళలో మావారొక్కరే లేచారు, అదీ నా మొహం చూసి. తర్వాత నేను బస్సెక్కి ఐస్ డబ్బా తెరిచాను.

"అయ్యయ్యో, నా హమూర్!"

"కోయించకుండా మంచిపని చేశారు" అన్నాను. ఓబులేసు దాన్ని చిన్న తలుపులోంచి తొట్టిలోకి జారవిడిచాడు.

తొమ్మిదిన్నరకి అందరినీ షెడ్డు వెనక్కి తోలాను. పిల్లలు నోరు మూసుకుని కూర్చున్నారు. పెద్దవాళ్ళే గొణిగారు. గంట గడిచింది. టీ అయిపోయింది, పులిహోర అయిపోయింది. పది రియాళ్ళు పోసి గోడ చూస్తున్నామని ఒకాయన నాకు వినపడేలా అన్నాడు. నేను మాత్రం గడియారం చూసుకుంటూనే ఉన్నాను. తినకపోతే ఓబులేసు గతేమిటి? దాని గతేమిటి?

పదకొండు కావస్తుండగా నీళ్ళు చిందిన చప్పుడైంది. రేకుల సందులోంచి చూస్తున్న ఓబులేసు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. కాసేపటికి పటుక్కుమని ఎముక విరిగింది, మా అందరికీ వినపడింది.

"తినిందమ్మా! తలకాయ పట్టి, మట్టల సాటుకు ఈడ్సకపోయి తింటాండాది!" అని గుసగుసగా చెప్పి, అక్కడే కూలబడి ఏడ్చాడు. "నా పొట్ట నిలబెట్టినావు తల్లీ" అన్నాడు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పదకొండుంబావుకి బస్సు తిరుగుముఖం పట్టింది. ఓబులేసు గేటు దాకా వెంట నడిచాడు. మనసు కాస్త చల్లబడిందనుకునేలోపు రంగారావు గారు ముందు సీట్లోంచి లేచి నిలబడ్డారు. "ఇప్పుడు తిండికి అలవాటు పడిందిగా! వచ్చే శుక్రవారం తప్పకుండా తింటుంది. రెండు బస్సులు వేద్దాం. పేర్లివ్వండి!"

ఏడుగురు చేతులెత్తారు. నా గుండె భగ్గుమంది. ఆ నోరులేని జీవి కడుపు నింపానా, ఈయన పిక్నిక్కి సరుకు సిద్ధం చేశానా? దాని అడవి ఏ సముద్రానికి అవతల ఉందో! నేను వెళ్ళడం మానేస్తే సీసాలు కొట్టేవాళ్ళని ఆపేదెవరు? అది మళ్ళీ పస్తుంటే ఓబులేసునే కదా పంపేస్తారు!

మావారు నావంక చూశారు. నోరు విప్పకని ఈసారి అనలేదు.

"నా పేరు అందరికన్నా ముందు రాయండి, రంగారావు గారూ" అన్నాను. "కుర్చీలు మాత్రం నేనొచ్చాకే వేయాలి, బోనుకి వీపు పెట్టి. వచ్చేటప్పుడు ఇంకో హమూర్ తెండి. కోయించకండి."