నల్లబండ మీద జంఖానా

మొన్న మా వీధిలో కొత్తగా కట్టిన ఇల్లు చూడటానికి పిలిస్తే వెళ్లాను. అద్దంలా మెరిసే ఆ నేల మీద ఏడాదైనా నిండని గ్రేట్ డేన్ పిల్ల ఒకటి, అప్పుడే దూడంత ఉంది, నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు జారిపోయి చతికిలబడుతుంటే, ఇంటివాళ్లు పగలబడి నవ్వుతూ ఫోన్లలో వీడియో తీస్తున్నారు. నేల మీద ముందు ఏదైనా పరవండి, లేకపోతే దాని తుంటి పాడవుతుందని కాస్త గట్టిగానే అన్నాను. నవ్వు ఆగిపోయింది. వచ్చిన చుట్టం ఇలాగా మాట్లాడేది అన్నట్టు చూశారు. చూడనివ్వండి. ఈ మాట అనే హక్కు నాకు ఒక కుక్క ఇచ్చింది.

నేను జనగామలో టీచరుగా కొత్తగా చేరిన రోజులవి. నాన్న మా క్రైస్తవ సంఘంలో పెద్ద, ఆయన ప్రార్థన చేయనిదే ఏ ఇంట్లోనూ పెళ్లిమాట ముందుకు కదిలేది కాదు. అన్నయ్య మహబూబాబాద్ దగ్గర గ్రానైట్ పాలిష్ చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. వాళ్ల సేటు ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిన గ్రేట్ డేన్ పిల్లనూ, మా ముందుగదికని కొన్న నల్లబండలనూ అన్నయ్య ఒకే లారీలో ఇంటికి చేర్చాడు. బండలు పరిచాక మొహం చూసుకునేలా మెరిసింది మా ఇల్లు. పిల్లకు కొండ అని పేరు పెట్టుకున్నాం.

మా వైపు ఇంటికి వచ్చిన ప్రాణిని బక్కగా ఉంచితే ఇంటికే చిన్నతనం. అందుకని అమ్మ దానికి పాలు, గుడ్లు, మాంసం ఎంత తింటే అంత పెట్టేది. కాన్పుకు వచ్చిన అక్క వదిలి వెళ్లిన కాల్షియం మందు సీసాలు ఉంటే, ఎముక గట్టిపడుతుందని అదీ రోజూ పోసేది. గార్ల నుంచి పని మీద వచ్చే మా బంధువులు కొండను చూడకుండా రైలెక్కేవారు కాదు. వచ్చినవాళ్లంతా ఎంత పెరిగిందని అడిగేవారే తప్ప, అంత పెద్ద జాతి కుక్క మెల్లగా పెరగాలనీ, లేత ఎముకల మీద అంత బరువు పడకూడదనీ చెప్పినవారు ఒక్కరూ లేరు. మాకూ తెలియదు.

రెండేళ్లు నిండకముందే కొండ వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం మొదలుపెట్టింది. పొద్దున్నే లేవాలంటే మూలిగేది. పశువుల డాక్టరు గారు హైదరాబాద్ పంపి ఎక్స్‌రే తీయించి, తొడ ఎముక తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోలేదని, పుట్టుకతో ఉన్న ఆ లోపాన్ని మా తిండీ, మా మందూ, మా బండలూ కలిసి పెంచాయని మొహమాటం లేకుండా చెప్పారు. పూర్తిగా నయం కాదన్నారు. బరువు తగ్గించాలి, మెట్లూ దూకుళ్లూ మానిపించాలి, మెత్తటి మట్టి మీద కొద్దికొద్దిగా నడిపించాలి, ఆయన రాసిన మాత్రలే వేయాలి, మనుషుల నొప్పి మాత్రలు మాత్రం కుక్కకు ప్రాణాంతకం అన్నారు.

ఇవన్నీ మొదలుపెట్టామో లేదో, ఒక శనివారం కొండ ముందుగది మధ్యలో జారిపడి మళ్లీ లేవలేదు. ఎంత లేవబోయినా గోళ్లు బండ మీద గీరుకుంటున్నాయే గాని పట్టు దొరకలేదు. నాన్న అది చూడలేకపోయారు. డాక్టరు గారికి ఫోన్ చేసి, సోమవారం వచ్చి సూది వేసి దాని బాధ తీర్చమన్నారు.

"లేవలేనిదాన్ని పెట్టి సతాయించుడు పాపం గాదా బిడ్డా?" అన్నారు నాతో.

"గిది కాళ్లు లేక పడ్తలేదు బాపూ. మన బండ మీద కాలు ఆగక పడ్తున్నది. బండకు వెయ్యిండ్రి సూది."

ఆయనకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు.

మరునాడు ఆదివారం. మా మందిరానికి, కింద పరిచే మందపాటి నూలు జంఖానాలు కొత్తవి వచ్చాక పాతవి వెనక గదిలో చుట్టి పెట్టారు. ఆరాధన ముగియగానే, స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్న పెద్దమ్మ దగ్గరకు వెళ్లి ఒకటి ఇమ్మని అడిగాను. పెద్దమ్మ గొంతు మెల్లగా పలకడం ఎరుగదు.

"మోకాళ్లూని ప్రార్థన జేసిన జంఖానా మీద కుక్కను పండవెడ్తవా? నీకేమన్న బుద్ధున్నదా టీచరమ్మా?"

"మనకు మోకాళ్లు నొస్తయనే గద పెద్దమ్మా పరుసుకున్నం. గిప్పుడు దానికి నొస్తున్నయ్."

"సంఘపెద్ద బిడ్డవయ్యి గిట్ల మాట్లాడ్తవా!"

"ఆయన బిడ్డనయినందుకే వాక్యం నేర్సుకున్న. పసులకు సుత విశ్రాంతి దినం రాసిపెట్టిండు దేవుడు. ఆయన ముంగట జవాబు నేను జెప్పుకుంట."

ఇక అనుమతి కోసం ఆగలేదు. అందరూ చూస్తుండగానే జంఖానా భుజాన వేసుకుని బయటికి వచ్చాను. మెట్ల మీద నాన్న తల తిప్పుకున్నారు. ఇంటికి వచ్చి దాన్ని పరిచి, అమ్మ పాత నూలు చీర కొండ పొట్ట కింద నుంచి వేసి పైకి ఎత్తాను. ముందు కాళ్లు నిలిచాయి. వెనక కాళ్లు వణికి, నేతలో గోళ్లు దిగి, అవీ నిలిచాయి. సోమవారం డాక్టరు గారు సంచితో గడప దాటేసరికి కొండ ఆయన ఎదురుగా నిలబడి తోక ఊపుతోంది. ఆయన సంచి విప్పలేదు. దాని తుంటి తడిమి, ఇంకా బరువు తగ్గాలి అని మాత్రం చెప్పి వెళ్లారు.

అమ్మ కొండకు పెట్టే గిన్నె చిన్నదయింది. పొద్దున్నే తుంటికి వేడిగుడ్డ కాపడం పెట్టేదాన్ని. తర్వాత పత్తిచేల పక్కనున్న మట్టిబాటలో నడక. చీర రెండు కొసలూ నేనే పట్టుకుని అవస్థ పడుతుంటే, కొన్నాళ్లకు ఒక కొస నాన్న చేతిలోకి వెళ్లింది.

సంఘంలో మాత్రం గొడవ చల్లారలేదు. నాకు కుక్కల టీచరమ్మ అని పేరు పడింది. పెద్దలంతా కూర్చుని, నాన్న జంఖానా తిరిగి ఇవ్వాలి లేదా పెద్దరికం వదులుకోవాలి అన్నారట. నాన్న లేచి, "పెద్దరికం తీస్తె తీయుండ్రి, జంఖానా అయితె ఇయ్య" అని వచ్చేశారట. పెద్దరికం తీసేశారు కూడా. ఆయన మరుసటి ఆదివారం వెనక వరుసలో కూర్చుని, ఎప్పటిలాగే అందరికంటే గట్టిగా పాడారు.

కొండ పరుగెత్తే కుక్క ఎన్నడూ కాలేదు. అయినా తన కాళ్ల మీద తాను నిలబడి, అంత పెద్ద జాతికి మంచి ఆయుష్షు అనదగినంత కాలం బతికి, ఒక వానాకాలం ఉదయం నిద్రలోనే వెళ్లిపోయింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఎవరు అడిగినా నా జవాబు ఒక్కటే. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను.

ఇప్పుడు జనగామలోనే పెద్ద జాతి కుక్కపిల్లలకు వేరే తిండి, కీళ్లకు మందులు, అన్నీ దొరుకుతున్నాయి. సంతోషమే. కానీ ఏ ఇంట్లోనైనా కుక్క లేవలేకపోతోందని విని నేను వాదనకు దిగితే, ఎదుటివారు మర్యాదగా నవ్వి తలుపు దగ్గరకు వేస్తారు. ఆ రోజుల్లో మా పెద్దమ్మ నన్ను మందిరం నిండా తిట్టింది. తిట్టిన ఆ మనిషే ప్రతి వారం మోకాళ్లు పట్టుకుంటూ మా వాకిట్లోకి వచ్చి, "ఎట్లున్నదే నీ ఏనుగు?" అని అడిగి, కొండ లేచి నిలబడేదాకా కదిలేది కాదు. అలా కొట్లాడేవాళ్లు నాకు ఇప్పుడు ఒక్కరూ మిగల్లేదు.