తమ్ముడి కోసం పది కిలోలు

ఈ ఉదయం కర్మన్‌ఘాట్‌లో మా కాలనీ పార్కులో నడుస్తుంటే పక్క వీధి కొత్త కోడలు వచ్చి కలిసింది. కాళ్ళకు కొత్త బూట్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. "ఆంటీ, పది కిలోలు తగ్గాలంటే ఎన్ని రోజులు పడ్తది?" అని అడిగింది. పెళ్ళి ఫొటోల్లో తన చేతులు చూసుకుని దిగులుపడ్డదట. నిదానంగా నడువమ్మా అని ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఒకప్పుడు నేనూ సరిగ్గా పది కిలోలే తగ్గవలసి వచ్చింది. అది ఫొటోల కోసం కాదు.

అప్పటికి మా తమ్ముడికి నలభై రెండేళ్ళు. బడంగ్‌పేటలో ప్లాట్లు అమ్మిపెట్టే పని, కాలు ఒకచోట నిలవని మనిషి. బీపీని పట్టించుకోక రెండు కిడ్నీలూ చెడగొట్టుకున్నాడు. ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. మా మరదలి రక్తం వాడికి కలవలేదు, నాది కలిసింది. నా కిడ్నీ ఒకటి తీసుకోండి, నాకు ఒకటి చాలు అని నేను చాలా గొప్పగా ప్రకటించాను. డాక్టరమ్మ నన్ను బరువు యంత్రం ఎక్కించింది. అంకె చూసి, దిగి మళ్ళీ ఎక్కమంది. "పది కిలోలు తగ్గి రండమ్మా. ఈ బరువు మీద కోస్తే మీకే ప్రమాదం" అంది. ఎంత టైం ఉంది మేడం అని అడిగితే, నా వైపు కాక తమ్ముడి కాగితాల వైపు చూస్తూ "త్వరగా" అంది. ఆ రోజు నుంచి నాకు తిన్నా భయమే, తినకున్నా భయమే.

మా పుట్టిల్లు అల్మాస్‌గూడ. మా ఇంటి ఆడవాళ్ళకు పొలాల్లో వాటా దక్కకపోయినా లావులో మాత్రం సమానంగా దక్కింది. "మనయి బొక్కలే బరువు బిడ్డా, అన్నం మానేస్తే బొక్కలు తగ్గుతయా?" అనేది మా మేనత్త. మా ఎముకలే బరువని నేనూ నమ్మాను. మా పై వాటాలో కిరాయికి ఉండే గుంటూరు అక్క మా అందరికీ జాకెట్లు కుట్టేది. ప్రతి జాకెట్టు లోపలా బెత్తెడు గుడ్డ మడిచి మూడు వరసల కుట్లు వేసేది. ఏడాదికో వరస విప్పించుకోవడం మాకు మామూలే. బిగించమని అడిగిన పాపాన మాలో ఒక్కరూ పోలేదు.

బరువు తగ్గడానికి నాకు తెలిసిన దారి మొక్కు ఒక్కటే. కర్మన్‌ఘాట్ హనుమంతుడికి దండం పెట్టుకుని మంగళవారం, శనివారం ఒక్కపొద్దు పట్టాను. చాలదేమోనని సోమవారం శివుడికి, గురువారం బాబాకు కూడా కలిపాను. వారంలో నాలుగు రోజులు నేను అన్నం మెతుకు ముట్టలేదు. ఒక్కపొద్దంటే మాకు అంతే కదా, అన్నం ముట్టొద్దు, పలారం ఎంతైనా తినొచ్చు. ఉప్మా, పూరీలు, నెయ్యి వేసిన సగ్గుబియ్యం కిచిడీ, అరటిపళ్ళు, నీరసం రాకుండా రెండు గ్లాసుల పాలు. నెల తర్వాత యంత్రం ఎక్కితే కిలోన్నర పెరిగాను. డయాలసిస్ కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని ఏడుస్తూ తమ్ముడికి చెప్పాను. వాడు అంత నీరసంలోనూ నవ్వాడు. "దేవుళ్ళు ఏం జేస్తరక్కా, నువ్వు ముగ్గురి పేరు మీద పలారం తింటివి" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

ఇక నా వల్ల కాదని గుంటూరు అక్క దగ్గర తేల్చేశాను. మావి బొక్కలే బరువు, మొక్కు కూడా పారలేదు అన్నాను. ఆమె మిషను తొక్కడం ఆపి కళ్ళజోడు తీసింది. "కుట్టు వంకర పోయిందనుకోండి, ఊడదీసి మళ్ళీ వేస్తాం గానీ గుడ్డ అవతల పారేస్తామా అండీ? మీకు చేతకాదని ఎవరన్నారు? మీకింకా రాలేదంతే. ఏం తిన్నారో అంతా రాయండి, ఎక్కడ తప్పిందో ఇద్దరం చూద్దాం" అంది. మొక్కులో అయితే ఒకసారి తప్పితే పాపం. ఆమె లెక్కలో తప్పితే ఎక్కడ తప్పిందో చూసుకోవడమే. ఆ తేడా నాకు నలభై ఏడేళ్ళ వయసులో, గుడ్డ ముక్కల మధ్య చాప మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

రాసి చూస్తే తప్పంతా పలారాల్లోనే ఉంది, వాటిని తగ్గించాను. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి బూట్లు కొన్నాను. చీర మీద బూట్లు చూసి మా ఆయన వారం రోజులు పోలీసమ్మా అని పిలిచారు. తమ్ముడి దగ్గరకు ఆటోలో పోవడం మానేసి నడక మొదలుపెట్టాను. మొదటిరోజు సగం దారి కూడా పోలేక సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ఆటో ఎక్కాను. మర్నాడు రింగ్ రోడ్డు దాటి నాలుగు దుకాణాలు ముందుకు పోయాను. దవాఖాన మెట్ల దాకా నడిచిపోవడానికి నెల పట్టింది. నాలుగో నెలకు ఆరు కిలోలు తగ్గాను. అంతలో బోనాలు వచ్చాయి. పుట్టింట్లో బగారన్నం, మటన్ చూసి రెండు రోజులు నన్ను నేను మరిచిపోయాను. మూడో రోజు పొద్దున కిలోన్నర వెనక్కి వచ్చింది. ఆ మధ్యాహ్నమే తమ్ముడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూలో పెట్టారు. బయట నిలబడ్డ నాకు, నేను తిన్న ప్రతి ముద్దా వాడి ఊపిరికి అడ్డం పడ్డట్టే అనిపించింది. ఏం చేయాలో తోచక దవాఖాన ఆవరణ చుట్టూ నడిచాను. ఎన్ని చుట్లు తిరిగానో తెలియదు, భయం తగ్గలేదు గానీ కాళ్ళు ఆగలేదు.

తమ్ముడు ఐసీయూ నుంచి బయటపడ్డాడు. ఏడో నెల చివర పదో కిలో కూడా దిగింది. ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు తమ్ముడు మళ్ళీ ప్లాట్లు చూపిస్తూ తిరుగుతున్నాడు, నాకూ పరవాలేదు. నా పట్టుదల గురించి చుట్టాలంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పినా మళ్ళీ మొదలుపెట్టడం నేర్చుకున్నానని నేనూ మురిసిపోయేదాన్ని. ఒకరోజు మా మరదలు మాటల్లో చెప్పింది. ఐసీయూలోకి తీసుకుపోతుంటే కూడా వాడు ఆమె చెయ్యి పట్టుకుని "అక్కను తొందరపెట్టకు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నది" అన్నాడట. ఆ ఏడు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గినవ్ అని వాడు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. తప్పుకు భయపడొద్దు, నేర్చుకోవడానికి కాలం ఉంది అని అందరూ అంటారు, నిజమే. నాకు దొరికిన ఆ కాలాన్ని మాత్రం మా తమ్ముడు తన కొద్ది రోజుల్లోంచి తీసి, నాకు తెలియనివ్వకుండా ఇచ్చాడు.