మట్టిబొమ్మ చెవి కోసం రంగత్ దాకా

మట్టిబొమ్మలకు చెవులు, వేళ్లు కుదిరేలా పెట్టడం గురించి రెండేళ్ల కిందట ఇదే పత్రికలో నేనొక వ్యాసం రాశాను. మెచ్చుకుంటూ చాలామంది ఉత్తరాలు రాశారు. ఆ పద్ధతి నాది కాదు. పోర్ట్‌బ్లెయిర్‌లో నేను డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తున్న బడిలో ఆయాగా ఉండిన నూకరత్నం నేర్పింది. ఆమె పేరు నేనెక్కడా రాయలేదు. ఇప్పుడామె రిటైరై మధ్య అండమాన్‌లోని రంగత్‌లో ఉంటోంది. ఆ మాట ఆమెకే చెప్పి రావాలని పోయిన నెల బయలుదేరాను.

రంగత్ బస్సుకు ముందురోజే టికెట్ తీసుకోవడం మంచిది. తెల్లవారుజామున నాలుగున్నరకు డెలానీపూర్‌లో ఆటో ఎక్కి బస్టాండు చేరాను. చేతిలో బట్టల సంచి, టిఫిన్ డబ్బా నిండా బంకమట్టి. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లేవాడు మొహం వేలాడేసుకుని ఉండాలి. నాకేమో పెళ్లివారింటికి వెళ్తున్నంత హుషారుగా ఉంది. ఆటోలో ఈల కూడా వేశాను.

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర, జరవాల అడవి గుండా బళ్లను గుంపుగా పంపే ఆరు గంటల కాన్వాయ్ కోసం బళ్లన్నీ బారులు తీరాయి. టీ, వడ అక్కడే కానిచ్చేయండి. తర్వాత అడవి దాటేదాకా బస్సు ఆగదు, ఫొటోలు తీయకూడదు. మలుపులకు కడుపులో తిప్పేవాళ్లు ముందు సీటు అడిగి తీసుకోండి. బస్సు కదిలాక ఊరికే కూర్చోలేక నేను డబ్బా తీసి చెవి చేయడం మొదలుపెట్టాను.

పక్క సీట్లో చేపల వ్యాపారి అప్పారావు తొంగిచూశాడు. "ఏటి భయ్యా, జీడిపప్పా?"

"చెవి."

"కాన్ ఇలాగుంటాదేటి? నాది చూసి చెయ్, ఫ్రీ" అని తల నా భుజం మీదకు వాల్చాడు.

అంతలో బస్సు మలుపు తిరిగింది. మట్టి చెవి వెళ్లి అతని చొక్కాకు అతుక్కుంది. చుట్టుపక్కల వాళ్లంతా ఎవరి చెవులు వాళ్లు తడుముకోసాగారు. వెనక సీటావిడ భర్త తలను అటూ ఇటూ తిప్పి, "దేఖో! ఈయన చెవులు రెండూ ఒక్కలా లేవు. పెళ్లయి ఇరవయ్యేళ్లయినాది, ఇయ్యాల చూసినాను!" అని అరిచింది. ఆయన రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మిడిల్ స్ట్రెయిట్ రేవు దగ్గర బస్సు దిగి, బస్సుతో పాటే ఫెర్రీలో బారటాంగ్ దీవికి దాటుతున్నప్పుడు కూడా మా నవ్వులు ఆగలేదు.

పదకొండుకు రంగత్ చేరాను. నూకరత్నం ఇల్లు బజారు వెనకే. వరండాలో బల్ల మీద అరడజను బొమ్మలు, వాటి ముందు మోచేతుల దాకా మట్టితో ఆమె.

"ఓలమ్మో, డ్రాయింగ్ మాస్టారే! రండి, రండి."

నేను నోరు తెరిచేలోపే అంది: "మీరు రాసింది పక్కింటి టీచరమ్మ చేత చదివించుకున్నానండి."

నా హుషారంతా ఒక్క క్షణంలో ఇంకిపోయింది.

"నా పేరు లేదు, పోన్లెండి. తడిగుడ్డ ఏది మాస్టారూ?"

"ఏ గుడ్డ?"

"తల బాగా ఎండాక చెవి అతికించమని రాసినారు. ఎండిన తలకి పచ్చి చెవి నిలుస్తాదా? మీ మాట నమ్మి ఎన్ని బొమ్మలు చెవుల్లేకుండా తిరుగుతున్నాయో!" నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడింది. నాకూ నవ్వాగలేదు.

బడిలో ఆమె పొద్దున్నే బొమ్మల తలలకు తడిగుడ్డ చుట్టి ఉంచేదట. నేను స్టాఫ్‌రూంలో టీ తాగి తీరిగ్గా దిగేసరికి ఆ గుడ్డ తీసేసేదట; తల ఎండిపోయిందని నేననుకున్నాను. చూడనిది నేను రాయలేదు, చూసింది తప్పుగా రాశాను. కాబట్టి దయచేసి దిద్దుకోండి: గోరు దిగేంత మెత్తదనం తలలో ఉండగానే చెవి పెట్టే చోట గీతలు గీసి, మట్టిజావ రాసి అతికించాలి. ఆపైన తలంతా తడిగుడ్డ కప్పి నిదానంగా ఆరనివ్వాలి.

మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం పెట్టి, సాయంత్రం దాకా నాచేత చెవులు చేయించింది. నేను అసలు మాట ఎత్తినప్పుడల్లా "మాటలు తర్వాత, ముందు ఒక చేత్తో మీ చెవి పట్టుకోండి. ఆ మడతలే రెండో చేత్తో మట్టిలో తియ్యండి" అనేది. "ఇది చెవి కాదు, ఆలుచిప్ప" అని పది చిదిమేసింది. పదకొండోది ఉంచింది. ఎగిరి గంతేశాను. ఆ సంబరంలో చెప్పాల్సింది చెప్పకుండానే బజారులోని లాడ్జికి వచ్చేశాను. గది చిన్నదే, శుభ్రంగా ఉంది.

మర్నాడు పొద్దున బస్సు దగ్గరికి ఆమె నన్ను సాగనంపడానికి వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. కిటికీ కింద నిలబడి, చెవి వెనక భాగం పల్చబడకుండా చూసుకోమని ఇంకా చెబుతూనే ఉంది. ఇంజన్ మొదలైంది. అంత దూరం వచ్చి, చెవులు నేర్చుకుని, మళ్లీ ఊరికే వెళ్లిపోతున్నానని అప్పుడు తెలిసింది. సంచి సీట్లో వదిలేసి కిందకు దూకాను.

"అరే భయ్యా, కాన్వాయ్ ఛూట్ జాయేగా, తప్పిపోతాది!" అని కండక్టర్ కేకేశాడు. బస్సంతా కిటికీల్లోంచి చూస్తోంది.

"నూకరత్నం గారూ, ఆ పని మీది. ఆయా దగ్గర నేర్చుకున్నానని రాయడానికి సిగ్గుపడి నాదని రాసుకున్నాను. పొరపాటున కాదు, తెలిసే రాశాను. నన్ను క్షమించండి."