సుద్దకొండ మీద అలక

మ్యోన్ దీవికి తూర్పు ఒడ్డంతా సుద్దకొండలే. అక్కడివాళ్ల చెప్పులకీ గోళ్లకీ ఉతికి ఆరేసిన బట్టలకీ ఆ తెలుపు అంటుకునే ఉంటుంది. భర్త తోర్వాల్ బతికున్నన్నాళ్లూ రాగ్న్‌హిల్డ్ దాన్ని పట్టించుకోనే లేదు.

తోర్వాల్ కొండకింద చెకుముకిరాళ్లు ఏరేవాడు. సుద్దలోంచి రాలిపడి, అలల్లో దొర్లి దొర్లి గుండ్రంగా తేలిన నల్లరాళ్లవి. నూరుడు మరల్లో వేయడానికి ఫ్యాక్టరీల వాళ్లు కొనుక్కునేవాళ్లు. సాయంత్రం ఇంటికొస్తూ ఓ సుద్దగడ్డ తెచ్చేవాడు. ఆవిడ దాన్ని దంచి వెండి చెంచాలు తోమేది. కడుపులో మంటగా ఉంటే చిటికెడు పొడి నీళ్లలో కలుపుకుని తాగేది. మిగిలింది గుడ్ల పెంకుకీ ఎముకలకీ బలమని కోళ్ల మేతలో కలిపేది.

ఒక ఏడాది మంచు కరిగే రోజుల్లో కొండ చరియ విరిగి తోర్వాల్ మీద పడింది. సుద్ద నీటిని పీల్చుకుంటుంది. లోపలికి పోయిన నీరు చలికి గడ్డకట్టి రాతిని పగలదీస్తుంది. మంచు కరిగాక ఆ పగుళ్లు జారతాయి. అందుకే ఆ రోజుల్లో ఒడ్డుకి ఎవరూ పోరు. అంతా తెలిసినవాడు, తోర్వాల్ మాత్రం వెళ్లాడు. ఎందుకు వెళ్లాడన్నది రాగ్న్‌హిల్డ్‌కి చివరిదాకా అంతుపట్టలేదు.

అంత్యక్రియలయ్యాక ఇంట్లో ఉన్న సుద్దంతా ఊడ్చి బయట పారబోసింది. వేసవి రాగానే ఊళ్లో అందరూ గోడలకి సుద్దతో వెల్ల వేసుకున్నారు. ఆవిడ గోడలు మాత్రం వాన చారలతో అలాగే ఉండిపోయాయి. పాపం అనుకుని ఎవరూ ఏమీ అనలేదు.

ఆకులు రాలే కాలంలో తోర్వాల్ చెల్లెలు అబెలోన కాఫీకి వచ్చింది. దొడ్లోంచి ఓ గుడ్డు రెండు వేళ్లతో పట్టుకుని లోపలికి తెచ్చింది. పెంకు లేదు, తడి తోలులా వేలాడుతోంది.

"ఏంటొదినా, నీ కోడి గుడ్డు పెట్టిందా, తిత్తి పెట్టిందా?"

"ముసలిదైపోయింది."

"అన్నీ ఒక్కసారే ముసలివైపోయాయా? గంప నిండా ఇవే. సుద్ద వెయ్యట్లేదు కదూ?"

"అది నా గడప తొక్కదు."

"నువ్వు అలిగింది కొండ మీద. మధ్యలో కోళ్లేం చేశాయమ్మా?"

"మీ అన్నని మింగిన కొండే అది!" అని అరిచింది రాగ్న్‌హిల్డ్.

అబెలోన కప్పు కింద పెట్టింది. "నాకు తెలీదనుకున్నావా? చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ ఒడ్డంతా తిప్పేవాడు. సుద్ద చూస్తే నీకు అన్న చావు కనపడుతుంది. నాకు అన్నే కనపడతాడు, వదినా."

 ఆ వారంలోనే ఒక కోడి కాళ్లు చచ్చుబడి కూలబడింది. రాగ్న్‌హిల్డ్ దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత బకెట్ తీసుకుని ఒడ్డుకి నడిచింది.

విరిగిపడ్డ చరియ అక్కడ ఇంకో కొండలా నిలబడి ఉంటుందనుకుంది. ఇన్నాళ్లూ మనసులో దాన్నే తిట్టుకుంటూ వచ్చింది. తీరా చూస్తే సముద్రం దాన్ని దాదాపు అంతా తినేసింది. మోకాలెత్తు దిబ్బ మిగిలింది. దాని చుట్టూ నీళ్లు పాలలా ఉన్నాయి. ఒక గడ్డ చేతిలోకి తీసుకుని గోటితో గీస్తే తెల్లటి పొడి రాలింది. ఇంత మెత్తటిదా తన మనిషిని పొట్టనబెట్టుకుంది! కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చేతిరుమాలు లేక సుద్ద చేతుల్తోనే మొహం తుడుచుకుంది. ఆ తర్వాత బకెట్ నింపుకుంది.

మేతలో సుద్ద పడ్డాక కోడి లేచింది గానీ కుంటుతూనే తిరిగింది. మరుసటి వేసవిలో రాగ్న్‌హిల్డ్, అబెలోన కలిసి చెకుముకిరాళ్లు ఏరడం మొదలుపెట్టారు. ఆడవాళ్లకెందుకీ పని అని ఊళ్లో ఆడవాళ్లే కొందరు నవ్వారు. "మీ ఆయన్ని పంపించు, ఎవరి గంప బరువో తూచి చూద్దాం" అనేది అబెలోన. మంచు కరిగే రోజుల్లో మాత్రం ఇద్దరూ ఇంటిపట్టునే ఉండేవాళ్లు.

వయసు మళ్లాక రాగ్న్‌హిల్డ్‌కి నోరు పెరిగింది. కోపెన్‌హాగెన్ నుంచి షికారుకొచ్చి కొండ నీడలో దుప్పటి పరుచుకున్న పడుచుజంటల్ని, "లేవండి! ముద్దులు అవతల పెట్టుకోండి!" అని కర్ర ఊపుతూ తరిమేది. గయ్యాళి ముసలిదని తిట్టుకుంటూ వాళ్లు లేచేవాళ్లు. ఎందుకు తరిమిందో ఏనాడూ చెప్పలేదు. వాళ్లు నీటి అంచు దాకా జరిగేవరకు అక్కణ్ణించి కదిలేది కాదు.